పేరులేని రూపచిత్రం: తోట వైకుంఠం స్త్రీమూర్తులలో వర్ణం, కుంచెపని, కూర్పు

వ్యాససంగ్రహం

రూపచిత్రం ఒక వ్యక్తిని గుర్తుపట్టించే చిత్రం. తోట వైకుంఠం చిత్రించిన తెలంగాణ స్త్రీలకు పేర్లు లేవు. చాలా చిత్రాలకు శీర్షికలు కూడా లేవు. అయినా చూసినవారు “ఈమె మా ఊరామె” అంటారు. ఈ గుర్తింపు చిత్రంలో ఏ అంశం వల్ల కలుగుతున్నది, అది దేనిని నిలబెట్టి దేనిని మరుగుపరుస్తున్నది అనే ప్రశ్నలను వర్ణం, కుంచెపని, కూర్పు ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రూపచిత్రం, తోట వైకుంఠం, వర్ణం, రేఖ, కూర్పు, అలంకారం, తెలంగాణ స్త్రీ, లక్ష్మాగౌడ్.

1. ప్రవేశిక

పోర్ట్రెయిట్ అనే మాటకు తెలుగులో రూపచిత్రం, ప్రతిరూపం, మూర్తిచిత్రం అని రకరకాల పర్యాయాలు వాడుకలో ఉన్నాయి. ఇవి ఒకే అర్థం ఇచ్చేవి కావు. ప్రతిరూపం అన్నప్పుడు మూలమైన మనిషి ఒకరు ఉండి తీరాలి. మూర్తి అన్నప్పుడు ఆ నిబంధన లేదు. దేవతకూ మూర్తి ఉంటుంది. రూపచిత్రం ఈ రెండింటి నడుమ నిలుస్తుంది కనుక ఈ వ్యాసంలో దానినే వాడుతున్నాను. మాట ఎంపిక చిన్న విషయంగా తోచవచ్చు. కాని వైకుంఠం స్త్రీలను ప్రతిరూపాలనాలా, మూర్తులనాలా అన్నదే ఇక్కడి వివాదం.

వైకుంఠం 1942లో నాటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో జన్మించారు. హైదరాబాదులోని లలితకళల కళాశాలలో చదివి, ఆపై బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర శిక్షణ పొందారు. తన స్త్రీమూర్తులకు తల్లి ప్రేరణ అనీ, బాల్యంలో ఊరికి వచ్చిన నాటక బృందాలలో ఆడవేషం కట్టిన మగవారి అలంకరణ తనను ఆకర్షించిందనీ ఆయన పలుమార్లు చెప్పుకున్నారు. ఈ రెండు మాటలను విమర్శకులు జీవితచరిత్ర వివరాలుగా ఉటంకించి వదిలేస్తున్నారు. చిత్రాన్ని చదవడానికి అవి ఆధారాలు కూడా. ఒకటి నిజమైన స్త్రీ జ్ఞాపకం. రెండవది వేషం జ్ఞాపకం. ఈ రెండూ ఒకే ఆకృతిలో కలిసిపోయినప్పుడు ఆ ఆకృతిని ఎవరి రూపచిత్రమనాలి?

ఆయన చిత్రాలలో అనేకం శీర్షికలేనివి కావడం వల్ల ఏదో ఒక పటాన్ని కాక, పదే పదే కనిపించే ఒక చిత్రవర్గాన్ని ఇక్కడ పరిశీలనాంశంగా తీసుకుంటున్నాను. నడుముదాకా లేదా రొమ్ముదాకా కనిపించే ఒంటరి స్త్రీ, ముదురు గోధుమవన్నె చర్మం, నూనెరాసి అణచి దువ్విన జుట్టు, పెద్ద బొట్టు, ముక్కుకూ చెవులకూ మెడకూ నిండుగా నగలు, ఎరుపు లేదా నారింజ చీర, పక్కకు తిరిగిన పొడవాటి కళ్లు. ఈ వర్ణన చదివిన తెలుగు పాఠకునికి చిత్రం కళ్ల ముందు కదలక మానదు. ఒక చిత్రకారుని స్త్రీని ఇంత తేలికగా మాటలలో చెప్పగలగడం కీర్తికి గుర్తు. రూపచిత్రం విషయంలో మాత్రం అది అనుమానించవలసిన సంగతి.

2. వర్ణం

మొదట కంటిని పట్టేది ఎరుపు. అది ఒకే ఎరుపు కాదు. బొట్టులో కుంకుమ ఎరుపు, చీరలో మోదుగుపూల ఛాయ, అంచులో కావి. వీటి పక్కన పసుపు, ఆకుపచ్చ కొద్దిగా. మిశ్రమవర్ణాలను తక్కువగా వాడతానని వైకుంఠం చెప్పిన మాట ఈ చిత్రాలను చూస్తే స్పష్టమవుతుంది. రంగు రంగులోకి కరగదు. గీత దగ్గర ఆగిపోయి పక్క రంగుతో ఢీకొంటుంది.

ఈ ఎరుపును తెలంగాణ నేల రంగుతో పోల్చడం పరిపాటి అయింది. ఈ పోలిక వినసొంపుగా ఉంటుంది కాని కంటికి ఆనదు. జహీరాబాదు ప్రాంతంలోని మా మొగుడంపల్లి నేల ఎర్రదే; బీదరు పీఠభూమి నుంచి పరచుకుని వచ్చిన లేటరైట్ మట్టి. దానిలో తుప్పు ఛాయ ఉంటుంది. ఎండలో అది వెలవెలబోతుంది, వానలో నల్లబడుతుంది. వైకుంఠం ఎరుపు ఎండకు వెలవదు, వానకు తడవదు. అది నేల రంగు కాదు, అద్దకం రంగు. అంగడిలో కొన్న కుంకుమది, పండుగకు తీసిన చీరది. ఈ తేడా గమనించకపోతే చిత్రాన్ని ప్రకృతి పక్షాన నిలబెట్టి పొరబడతాం. ఆ ఎరుపు మనుషులు తమకోసం కొనుక్కుని ఒంటిమీద పెట్టుకున్నది.

చేర్యాల నకాశీ పటాలతో పోల్చినప్పుడు ఇంకో సంగతి తేలుతుంది. నకాశీ పటంలో ఎరుపు నేపథ్యం. కథ అంతా ఆ ఎరుపు మీద నడుస్తుంది. దేవుడైనా రాక్షసుడైనా దాని మీదనే నిలబడాలి. వైకుంఠం చిత్రంలో ఆ ఎరుపు నేపథ్యాన్ని వదిలి మనిషి ఒంటి మీదికి వచ్చింది. కథ తొలగిపోయింది. పటంలో ఎరుపు లోకానిది. ఇక్కడ అది ఒక స్త్రీ సొంతం. జానపద సంప్రదాయం నుంచి తీసుకోవడం అంటే మూలరూపాలను కాపీ చేయడం కాదనీ, వాటి భాషను వేరే అవసరానికి మలచుకోవడమనీ బరోడా బోధన నొక్కిచెప్పింది. దానికి ఇంతకంటె మంచి ఉదాహరణ తెలంగాణ చిత్రకళలో నాకు కనిపించలేదు.

ఇక చర్మం. రవివర్మ (1848–1906) తైలవర్ణ రూపచిత్రాలలో వెలుగుకు చర్మమే ఆశ్రయం. పక్కనుంచి పడిన కాంతి చెక్కిలి మీద మెరిసి, మెడకింద నీడగా జారి, జరీ అంచు మీద మళ్లీ తళుక్కుమంటుంది. ఆ పద్ధతిలో నల్లని చర్మం వెలుగు తక్కువైన చర్మంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. నలుపు నీడకు పర్యాయమవుతుంది. వైకుంఠం ఈ లెక్కను తలకిందులు చేశారు. ఆయన చిత్రంలో వెలుగు ఒంటిమీద పడదు; చీరలోనుంచి వస్తుంది. చర్మంలో స్వల్పమైన ఛాయాభేదమే తప్ప తళుకు లేదు. అందువల్ల నలుపు నీడగా కాక స్వతంత్ర వర్ణంగా నిలుస్తుంది. ఎరుపు ఎంత గట్టిగా పలికితే పక్కనున్న ముదురు గోధుమవన్నె అంత నిబ్బరంగా కనిపిస్తుంది. పెళ్లి ప్రకటనల్లో “తెల్లని అమ్మాయి కావలెను” అని నేటికీ అచ్చవుతున్న సమాజంలో ఈ వర్ణనిర్ణయం చిన్నది కాదు.

అమృతా షేర్‌గిల్ (1913–1941) 1937లో గీసిన దక్షిణభారత చిత్రత్రయంలోని నల్లని దేహాలను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అవి గొప్ప చిత్రాలు. కాని వాటిలోని మనుషుల నలుపుతోపాటు ఒక విషాదం కూడా వస్తుంది. చూపులు వాలి ఉంటాయి, చూసేవాడికి కరుణ కలుగుతుంది. వైకుంఠం స్త్రీ ఎవరి కరుణనూ కోరదు. ఈ అంశంలో ఆయన సాధించినది షేర్‌గిల్ సాధించనిదే అని నా అభిప్రాయం.

బొట్టు గురించి ఒక్క మాట. ముఖం కొంచెం పక్కకు తిరిగినా చాలా చిత్రాలలో బొట్టు పూర్తి వృత్తంగానే ఉంటుంది; నుదుటి వంపును అనుసరించి కుదించుకుపోదు. దృక్కోణ నియమం ప్రకారం ఇది తప్పు. వర్ణనియమం ప్రకారం ఒప్పు. ముఖానికి కేంద్రం కళ్లు కావని, బొట్టేనని ఆ వృత్తం తీర్మానిస్తుంది.

3. కుంచె, రేఖ

రూపచిత్రాలను వ్యాఖ్యానించేటప్పుడు కుంచెగాట్లను చిత్రకారుని నాడిగా చదవడం పాశ్చాత్య విమర్శ నేర్పిన అలవాటు. గాటు గరుకుగా ఉంటే ఆవేశం, పలుచగా ఉంటే మృదుత్వం అంటాము. ఈ అలవాటుతో వైకుంఠం ఆక్రిలిక్ చిత్రాలను సమీపిస్తే చేతికి ఏమీ చిక్కదు. విశాలమైన రంగుతలాలలో కుంచె తన జాడను దాచుకుంటుంది. దాని జాడ తెలిసేది చీర అంచులో, రవికె నేతలో, నగల గుండ్లలో. చుక్కపక్కన చుక్క, గీతపక్కన గీత. ముగ్గు వేసే చేతిలోని లయ వంటిది. భావావేశం లేదు, ఓపిక ఉంది.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ప్రేక్షకులను వర్గీకరిస్తూ, ఆచార్యులు రేఖను, విచక్షణులు ఛాయావర్తనను మెచ్చుకుంటారనీ, స్త్రీలు భూషణాన్ని, తక్కిన జనం వర్ణసమృద్ధిని కోరతారనీ చెబుతుంది. శాస్త్రకారుని దృష్టిలో ఇది మెట్ల వరుస అని గ్రహించడం కష్టం కాదు. ఛాయావర్తనను వైకుంఠం దాదాపు విడిచిపెట్టారు. భూషణాన్నీ వర్ణాన్నీ, అనగా స్త్రీలకూ సామాన్యులకూ శాస్త్రం విడిచిపెట్టిన అంశాలను, చిత్రానికి మూలస్తంభాలుగా చేశారు. ఆచార్యుల వాటా అయిన రేఖను మాత్రం వదులుకోలేదు. భుజం నుంచి మోచేతిదాకా సాగే ఒక్క రేఖ ఆ స్త్రీ బరువంతా మోస్తుంది. ఆయన చిత్రాలు పండితులకూ కొట్టు గోడమీది క్యాలెండరుకూ ఒకేసారి పనికిరావడంలో ఈ పంపిణీకి పాత్ర ఉంది.

దీనికి చెల్లించిన మూల్యం వయసు. ఛాయాభేదం పోయిన చర్మం మీద ముడత నిలవదు. ఈ స్త్రీలు ఎంతసేపు చూసినా ముప్పై అయిదేళ్ల దగ్గరే ఆగి ఉంటారు. తల్లి జ్ఞాపకం నుంచి పుట్టిన మూర్తికి ఇది సహజమే కావచ్చు. పిల్లవాడి జ్ఞాపకంలో తల్లికి ముసలితనం రాదు. కాని షడంగాలలో ఒకటైన సాదృశ్యాన్ని వ్యక్తిపరంగా అర్థం చేసుకుంటే, అది ఇక్కడ సగమే ఉంది. కట్టు, బొట్టు, మెడ పొగరు అన్నీ ఊళ్లో చూసినవే. బతికిన ఏళ్ల గుర్తులు మాత్రం కనిపించవు.

4. కూర్పు

ఈ చిత్రాలలో మనిషి చట్రాన్ని నింపేస్తుంది. తలపైన చోటు తక్కువ, భుజాలు రెండంచులనూ తాకుతుంటాయి. వెనుక ఇల్లు లేదు, చెట్టు లేదు, పొలం గట్టు లేదు. సమతలమైన రంగు మాత్రమే. దృశ్యాన్ని తీసివేసి మనిషిని మిగల్చడం దక్కనీ రూపచిత్రాలకు కొత్త కాదు. గోల్కొండ సుల్తానులు సాదా నేపథ్యం మీద పక్కముఖంతో, నగలతో నిలబడి ఉంటారు. ఆ రాజసాన్ని పల్లె స్త్రీకి ఇవ్వడం ఈ కూర్పులోని మొదటి సాహసం.

భుజాల వెడల్పును, మెడ మందాన్ని విమర్శకులు సాధారణంగా పుష్టి, మాతృత్వం అనే మాటలతో సరిపెడతారు. నాటకంలోని ఆడవేషాన్ని గుర్తుకు తెచ్చుకుంటే వేరొక అర్థం తోస్తుంది. చీరకింద మగవాడి భుజం ఉన్నప్పుడు అలంకారం రెట్టింపు కావాలి. నగ, బొట్టు, కాటుక కలిసి స్త్రీత్వాన్ని నిర్మించాలి. వైకుంఠం స్త్రీలలో అలంకారం అంత నిండుగా ఉండడానికీ, దేహం అంత విశాలంగా ఉండడానికీ ఒకే మూలం ఉండవచ్చునని నా ఊహ. ఇది నిరూపించదగిన సంగతి కాదు. కాని తల్లి, వేషగాడు అనే రెండు జ్ఞాపకాలను విడివిడిగా ఉంచే వ్యాఖ్యానాల కంటె ఇది చిత్రానికి దగ్గరగా ఉన్నదని భావిస్తున్నాను.

చూపు కోణం మరింత కీలకం. దీనిని చర్చించడానికి మా ప్రాంతమే ఒక పరిభాషను ఇచ్చింది. జహీరాబాదు దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని మహిళా రైతులు, వారిలో అత్యధికులు దళితులు, 1990ల చివరి నుంచి వీడియో కెమెరా పట్టి తమ సేద్యం మీద చిత్రాలు తీశారు. కెమెరా కోణాలకు వారు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాటు పటేల్ షాట్. ఎత్తైన గద్దెమీద కూర్చున్న పటేలు చూపు అది. కంటికి కన్ను సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కనుక. కూర్పులో అధికారం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంత సూటి మాటలు మన కళావిమర్శలో లేవు. విశ్వవిద్యాలయాల కళాశాఖలు వీటిని పాఠ్యాంశంగా చేర్చుకోవలసింది.

ఈ కొలతతో చూస్తే వైకుంఠం చిత్రం పటేల్ షాట్ కాదు. ఆ స్త్రీని ఎవరూ పైనుంచి చూడడం లేదు. కన్ను ఆమె కన్ను ఎత్తులోనే ఉంది. కొన్నిటిలో ఒకింత కిందనే ఉంది. అయితే అది సంఘం షాట్ కూడా కాదు. సంఘం షాట్‌లో ఎదుటిమనిషి తిరిగి చూస్తుంది. ఇక్కడి కళ్లు పక్కకు మళ్లి ఉన్నాయి. ఇద్దరు స్త్రీల చిత్రాలలో ఆ చూపు పక్కనున్న ఆమె వైపు వెళుతుంది. వాళ్ల మధ్య ఏదో మాట నడుస్తున్నట్టు, అది మనకు వినిపించనట్టు అనిపిస్తుంది. అందుకే జంట చిత్రాలు బలమైనవి. ఒంటరి స్త్రీ చిత్రంలో మళ్లిన చూపుకు గమ్యం లేదు. చూసేవాడు నిరభ్యంతరంగా చూడడానికి అది అనుమతిగా మారుతుంది. ఒకే పద్ధతి రెండు కూర్పులలో రెండు ఫలితాలను ఇస్తున్నది. ఈ భేదాన్ని గుర్తించకుండా వైకుంఠం స్త్రీలందరినీ ఆత్మగౌరవ ప్రతీకలనడం గానీ, భోగవస్తువులనడం గానీ తొందరపాటు.

5. పగలని గాజులు

సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఇటువంటి ఒంటరి స్త్రీ చిత్రం ఒకదాన్ని ఫోనులో మా వీధిలోని ఒక వృద్ధురాలికి చూపించాను. ఆమె వయసంతా అల్లం చేలలో, చెరకు తోటలలో కూలి చేసింది. చాలాసేపు చూసి అన్నది: “మంచిగున్నది బిడ్డా. గని ఈమె పనికి పోయెటామె కాదు.” ఎట్ల తెలిసిందని అడిగాను. “చేతులు సూడు. గాజులు నిండుగున్నయి. ఒక్కటి పగల్లె.”

రంగు గురించీ రేఖ గురించీ నేను రాసుకున్న పుటలన్నిటికంటె ఈ పరిశీలన పదునైనది. కలుపు తీసే చేతికి, మోపు ఎత్తే చేతికి మట్టిగాజులు ఆ తీరున నిలవవు. వైకుంఠం స్త్రీల చేతులలో చిలుక ఉంటుంది, పువ్వు ఉంటుంది, తమలపాకు ఉంటుంది, కొడవలి అరుదు. దేహం శ్రామికురాలిది, చేయి తీరికది. ఇదే వైకుంఠం 1988లో బి. నర్సింగరావు దర్శకత్వంలో వచ్చిన ‘దాసి’ చిత్రానికి కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం పొందారు. గడీలో వెట్టిచేసే స్త్రీ కథకు ఆ గోడలనూ వాకిళ్లనూ నిలబెట్టినది ఈ చేతులే. గడీ నీడ ఏమిటో తెలియని చిత్రకారుడు కారు ఆయన. తెలిసి వదిలేశారు. కనుక శ్రమ లేకపోవడాన్ని అజ్ఞానంగా కాక నిర్ణయంగా చదవాలి.

వృద్ధురాలి మాటను అక్కడితో ఆపితే నా వాదానికి అనుకూలంగా ఉండేది. ఆమె ఇంకొక పని చేసింది. తన ఫొటో తీయమని అడిగింది. తీయబోతే “ఆగు” అని లోపలికి వెళ్లి, చీర మార్చుకుని, బొట్టు దిద్దుకుని వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చున్నది. కూలికి పోయే చీరతో తన బొమ్మ ఉండడం ఆమెకు ఇష్టం లేదు. రూపచిత్రం ఎప్పుడూ ఇంతే కదా. రాజు ముత్యాలు వేసుకుని కూర్చున్నాడు, జమీందారిణి జరీచీర కట్టుకుని కూర్చున్నది. తనను ఎలా గుర్తుంచుకోవాలో నిర్ణయించే హక్కు చిత్రానికి కూర్చున్నవారిది. వైకుంఠం చిత్రాలలో శ్రమ లేదని ఆక్షేపించే మేము, పల్లె స్త్రీ ఎప్పుడూ పనిలోనే కనిపించాలని అడుగుతున్నామా? ఆ కోరిక కూడా ఒక పటేల్ షాట్ కాదా?

అయినా ఒక తేడా మిగులుతుంది. రాజు తన చిత్రానికి తానే డబ్బు ఇచ్చాడు. మా వీధి ముసలమ్మ తన చీరను తానే ఎంచుకున్నది. వైకుంఠం చిత్రంలో కూర్చున్నది ఒకరు, కొన్నది మరొకరు, చీర ఎంచినది ఇంకొకరు. ఈ విభజనకు తెలంగాణలోనే పాత ఉదాహరణ ఉంది. 17వ శతాబ్ది చివర గోల్కొండలో తయారై డచ్చివారి చేతికి చేరిన రూపచిత్రాల సంపుటి ఒకటి, విట్సెన్ ఆల్బం అనే పేరుతో, ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. భారతదేశపు పాలకుల ముఖాలు వరుసగా ఉంటాయి. ఎదుట కూర్చోబెట్టి గీసినవి కావవి. ఉన్న నమూనాలనుంచి దూరదేశపు కుతూహలం కోసం గీసినవి. సుల్తానుల ముఖాలే ఆ ప్రయాణంలో మూసలుగా మారాయి. పేరున్న సుల్తానుకే ఆ గతి పడితే పేరులేని స్త్రీ గురించి చెప్పనక్కరలేదు.

మూస అనేది ఎవరిని వదిలేస్తుందన్నదీ అడగాలి. 2014 తరువాత వైకుంఠం స్త్రీని తెలంగాణ స్త్రీకి ప్రతీకగా చూడడం పెరిగింది. మొగుడంపల్లి చుట్టూ తండాలున్నాయి. ఊళ్లో ఉర్దూ, కన్నడం, లంబాడీ భాష వినిపిస్తాయి. అద్దాల పేటీలు తొడిగిన లంబాడీ స్త్రీ, బొట్టులేని ముస్లిం స్త్రీ ఈ బొట్టుకేంద్ర కూర్పులో ఇమడరు. ఇది చిత్రకారుని లోపం కాదు. ఆయన తన తల్లిని, తన ఊరిని గీశారు. ఒక ఇంటి జ్ఞాపకాన్ని రాష్ట్రచిహ్నంగా ఎత్తినది మనం. ఆ బరువు రూపచిత్రం మోయలేదు, మోయనవసరం లేదు కూడా.

6. రంగు రాకముందు

పోలికకు మా పాత మెదక్ జిల్లాకే చెందిన కళాల్ లక్ష్మాగౌడ్ ఉన్నారు. 1940లో నిజాంపూర్‌లో జన్మించి, అదే హైదరాబాదు కళాశాలలో, అదే బరోడాలో చదివినవారు. ఆయన ప్రింట్లలో గీత వేరే పని చేస్తుంది. లోహఫలకం మీద ఆమ్లం కొరికిన సన్నని గీతలు ముఖం మీద అల్లుకుని దవడను, కంటికింది సంచిని, పెదవి చివరి మొండితనాన్ని తవ్వి తీస్తాయి. గౌడ్ గీసిన పల్లెమనిషికి కూడా పేరు ఉండదు. కాని ఆ మనిషిని మరొక మనిషిగా పొరబడలేము. అలంకారం తక్కువ, అసౌకర్యం ఎక్కువ. వాటిని బైఠక్‌లో వేలాడదీయాలంటే కొంత తెగింపు కావాలి. సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) నకాశీ మూలాల నుంచే బయలుదేరి పల్లె వృత్తులనూ పండుగలనూ రెంటినీ చిత్రించారు. అయితే ఆయన దృష్టి ముఖం మీద కంటె గుంపు మీద నిలిచినందువల్ల ఆ చర్చ ఇక్కడికి చెందదు.

వైకుంఠంలోనూ ఆ వ్యక్తిత్వరేఖ లేకపోలేదు. అది వర్ణచిత్రాలలో కాక రేఖాచిత్రాలలో ఉంది. బొగ్గుతో, పెన్సిలుతో గీసిన స్త్రీలలో బొట్టు ఎరుపు కాదు, నలుపులో ఒక నలుపు. చీరకు వెలుగు లేదు. కంటిని లాక్కుపోయే రంగు లేనందువల్ల దృష్టి ముఖం మీదనే ఆగవలసి వస్తుంది. బొగ్గుకు ఒక గుణం ఉంది. వేలితో రుద్దితే చెదురుతుంది, ఆ చెదిరిన మసక చర్మం మీద వయసులా నిలుస్తుంది. ఆక్రిలిక్ రంగులో దాచుకున్న చేతి జాడ ఇక్కడ కనిపిస్తుంది. గీత ఒకచోట తడబడి మళ్లీ దిద్దబడుతుంది. ఆ తడబాటు ఒక నిర్దిష్టమైన మనిషిని గుర్తుకు తెచ్చుకోవడానికి పడిన ప్రయాస వంటిది. అంగడి విలువలో ఇవి వర్ణచిత్రాలకు సాటిరావు. రూపచిత్రాలుగా వీటిదే పైచేయి అని నా నిర్ణయం.

వైకుంఠం మీద వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ ఎరుపుతోనే మొదలవుతాయి. ఈ వ్యాసమూ అలాగే మొదలైంది. రేఖాచిత్రాలను కాలక్రమంలో పేర్చి, ఏ చిత్రంలో ముఖం మూసగా స్థిరపడిందో, చేతిలో పనిముట్టు ఎప్పుడు జారి చిలుక వచ్చి వాలిందో పరిశీలించే పని తెలుగులో జరగవలసి ఉంది. దానికి ప్రదర్శనల కాటలాగులు చాలవు. చిత్రకారుని స్కెచ్ పుస్తకాల దగ్గరికి వెళ్లాలి, చేతులను లెక్కపెట్టాలి, గాజులను కూడా.